కనిపించే చోట పచ్చబొట్టు: ఉద్యోగానికి అడ్డు రాకుండా ఎలా తేల్చుకోవాలి?

కావలసినవి తక్కువే: ఇంటర్వ్యూకి వేసుకునే పొడుగు చేతుల చొక్కా, ఒక బాల్‌పెన్ను, కొలిచే టేపు, ఫొటోలు తీసిపెట్టే మనిషి, మూడు నెలల ఓపిక. ఆ చివరిది లేనివాళ్ళు మిగతావి వెతుక్కోనక్కర్లేదు.

మొదట కాగితం మీద మూడు ఉద్యోగాల పేర్లు రాయండి. ఇప్పుడు చేస్తున్నది కాదు, వచ్చే అయిదేళ్ళలో మీరు దరఖాస్తు పెట్టగల ఉద్యోగాలు. లాభాలు ఒక పక్క, నష్టాలు ఇంకో పక్క రాసుకోమనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాంతో ఏమీ తేలదు, ముందే మనసు పారేసుకున్నవాడికి లాభాల వైపే పదీ పన్నెండూ తోస్తాయి. స్నేహితులను అడగడమూ దండగే. మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకునేది వాళ్ళు కాదు.

తర్వాత ఆ మూడింటి దుస్తుల నియమాలు సంపాదించండి. కొన్ని యూనిఫాం ఉద్యోగాల్లో ఇవి అంగుళాల లెక్కతో ఉంటాయి. అమెరికా సైన్యం 2022లో నియమాలు సడలించినప్పుడు కూడా మణికట్టు దాటాక ఒక్కో చేతి మీద అంగుళం మించని టాటూ ఒకటి, మెడ వెనక రెండు అంగుళాల లోపు ఒకటి అని గీత గీసింది. ఎయిర్ న్యూజిలాండ్ 2019లో, వర్జిన్ అట్లాంటిక్ 2022లో సిబ్బందికి కనిపించే టాటూలను అనుమతించాయి. వర్జిన్ అప్పుడు కూడా ముఖాన్నీ మెడనూ మినహాయించింది. అందుకే ముఖం, మెడ, వేళ్ళ జోలికి వెళ్ళకండి. ఒంటి మీద ఒక్క టాటూ కూడా లేనివాళ్ళకు ఆ చోట్ల వేయడానికి చాలామంది ఆర్టిస్టులే ఒప్పుకోరు.

నియమాలు రాసిపెట్టని కంపెనీల్లో హెచ్చార్‌ను అడగండి. అయితే ‘టాటూ ఉంటే తీసుకుంటారా?’ అని కాదు. ‘మీ దుస్తుల నియమావళి పంపగలరా?’ అని మెయిల్ పెట్టండి. మొదటి ప్రశ్న మీ మీద అనుమానం పుట్టిస్తుంది, రెండోది రోజూ ఎవరో ఒకరు అడిగేదే. వచ్చిన జవాబును దాచుకోండి.

ఇక అసలు మెలిక: చోటు తేల్చడం. అందరూ బోల్తా పడేది ఇక్కడే. కనిపించే టాటూ అంటే మీరు చూపిస్తే కనిపించేది, వద్దనుకుంటే కనిపించనిది. ఆ మీట మీ చేతిలో ఉండాలంటే హద్దు సరిగ్గా కొలవాలి. చాలామంది అద్దం ముందు చేతులు వేలాడేసి నిలబడి, ‘చొక్కా కప్పేస్తోందిగా’ అని తేల్చేస్తారు. పనిలో ఎవరూ అలా దిష్టిబొమ్మలా నిలబడరు.

ఇలా చేయండి. చొక్కా తొడుక్కుని కఫ్ బొత్తాం పెట్టండి. ఎదుటి మనిషికి చేయి అందిస్తున్నట్టు చాచండి. కఫ్ అంచు ఎక్కడ ఆగిందో అక్కడ చర్మం మీద పెన్నుతో గీత పెట్టండి. బల్ల మీదుగా కాగితం అందించినట్టు ముందుకు వంగండి, మరో గీత. బోర్డు పైభాగాన రాస్తున్నట్టు చేయి పైకెత్తండి, మరో గీత. కీబోర్డు మీద టైపు చేస్తున్నట్టు కూర్చోండి, ఇంకో గీత. ప్రతి భంగిమలోనూ పక్కనున్న మనిషి ఫొటో తీయాలి, ఎందుకంటే మీ కళ్ళకు కనిపించేది వేరు, ఎదుటివాళ్ళకు కనిపించేది వేరు. వీటిలో మోచేతికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న గీతే మీ హద్దు. డిజైన్ కింది అంచు ఆ గీతకు నాలుగు వేళ్ళ పైన ఉండాలి. రెండు వేళ్ళు చాలనేవాళ్ళు ఉతికిన కాటన్ చొక్కా చేతులు ఎంత పొట్టివవుతాయో ఎప్పుడూ కొలిచి చూసి ఉండరు.

ఇంకో రెండు ఉచ్చులున్నాయి. పలచటి తెల్ల చొక్కా కిందనుంచి నల్ల సిరా మచ్చలా కనబడుతుంది, చెమట పట్టిందంటే మరీ. రెండోది, చొక్కా చేతులు కిందికి దించుకోవడానికే వీల్లేని పనులు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగుల దగ్గర పనిచేసేవాళ్ళు మోచేతి కింద భాగాన్ని కప్పుకోకూడదు, చేతులు సరిగ్గా కడుక్కోవడానికే ఆ నియమం. మీ మూడు ఉద్యోగాల్లో అలాంటిది ఒక్కటున్నా ముంజేతిని ‘ఎప్పుడూ కనిపించే చోటు’ కింద లెక్కేసి భుజం దగ్గరికి జరగండి. అలాంటిది లేకపోతే ముంజేతి లోపలివైపే. వెలుపలివైపు వద్దు. చేయి బల్ల మీద బోర్లా పెడితే లోపలివైపు దానంతటదే దాగుతుంది, ఎండ తక్కువ తగిలి సిరా కూడా నిలుస్తుంది.

చోటు తేలాక అదే కొలతలో స్టిక్కర్ టాటూ అంటించి, రాలిపోయినప్పుడల్లా మార్చుకుంటూ నెల రోజులు తిరగండి. ‘నల్ల గోరింటాకు’ పేరుతో పెట్టేదాన్ని మాత్రం దగ్గరికి రానీయొద్దు. అందులో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం తరచూ ఉంటుంది, బొబ్బలెక్కి మచ్చలు పడవచ్చు. ఆ నెలలో చొక్కా చేయి ఎన్నిసార్లు కిందికి లాక్కున్నారో గమనించండి. రోజూ లాక్కుంటుంటే ఆ చోటు మీది కాదు.

డిజైన్ సంగతి క్లుప్తంగా. సిరా ఏళ్ళ తరబడి చర్మంలో కొద్దికొద్దిగా పాకుతుంది. తెలుగు అక్షరాలు వేయించుకుంటే సున్నాలు, గుడులు, వత్తులు పూడుకుపోయి మచ్చలవుతాయి, కాబట్టి అక్షరం ఎత్తు సెంటీమీటరుకు తగ్గనివ్వకండి. మీకు రాని భాషలో మాటలు వద్దే వద్దు.

‘నచ్చకపోతే లేజర్ ఉందిగా’ అనేవాళ్ళకు: అడుసు తొక్కనేల, కాలు కడగనేల? లేజర్ సిరాను ముక్కలు చేస్తుందంతే, ఆ ముక్కలను ఒళ్ళే నెమ్మదిగా మోసుకుపోవాలి. అందుకే సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. ఆరు నుంచి పది సిట్టింగులు మామూలే, అంటే ఏడు నెలల నుంచి దాదాపు ఏడాదిన్నర దాకా పడుతుంది. నలుపు తేలిగ్గా పోతుంది, ఆకుపచ్చా పసుపూ మొండికేస్తాయి. తెల్ల సిరా లేజర్ తగిలి నల్లబడనూవచ్చు. ఉద్యోగం వచ్చాక తీయించుకుంటాలే అనుకోవడం ఈ లెక్కకు నిలవదు.

సమయం: ఇంటర్వ్యూకి గానీ వైద్య పరీక్షకు గానీ కనీసం రెండు నెలల ముందు వేయించుకోండి. పైచర్మం మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా పొక్కులు కడతాయి, దురద పెడుతుంది, గీకితే సిరా ఊడి వస్తుంది. మానేదాకా దాని మీద మేకప్ వేయకూడదు. పూర్తిగా మానాక దాచాల్సి వస్తే, నీలి నలుపు రంగు మీద ముందు ఆ రంగును అణిచే నారింజ ఛాయ కరెక్టర్, దాని మీద మచ్చలు కప్పే, మీ చర్మం రంగు కన్సీలర్, చివర పౌడర్. అంత చేసినా తెల్ల కఫ్‌కి అంటుకుంటుంది కాబట్టి దీన్ని ఒకపూట ఏర్పాటుగానే చూడండి.

స్టూడియోకి ఆ ఇంటర్వ్యూ చొక్కానే వేసుకెళ్ళండి. స్టెన్సిల్ (సూది పెట్టే ముందు చర్మం మీద అచ్చు వేసే డిజైన్ గీత) అంటించాక పూర్తిగా ఆరనిచ్చి, చొక్కా చేయి దించి, ఆ నాలుగు భంగిమలూ మళ్ళీ పెట్టండి. అంచు కాస్త తొంగి చూసినా చెరిపించి పైకి జరిపించండి. పది నిమిషాల పని, ఆర్టిస్టు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.