ఆస్తి చేతిలో ఉన్నన్నాళ్లూ పెరిగే వడ్డీని, ఖర్చులను అదుపులో పెట్టుకోవడం ఎలా?

స్థలం ఎంతకు కొన్నారని అడిగితే ఎవరైనా ఠక్కున చెబుతారు. అది రోజుకు ఎంత తింటోందని అడగండి, చాలామంది తడుముకుంటారు. ధర పెరిగిందన్న సంతోషంలో వడ్డీ పెరిగిన సంగతి మరుగున పడిపోతుంది. ఈ రెండో లెక్క తెలిస్తే ఎప్పుడు అమ్మాలి, ఎంత తగ్గాలి అన్న ప్రశ్నలు సగం తేలిపోతాయి.

1. ఖర్చులను రెండుగా విడదీయండి

రిజిస్ట్రేషన్, లాయరు ఫీజు, రుణం తాలూకు ప్రాసెసింగ్ ఫీజు ఒక్కసారితో పోయేవి. వాటి రసీదులు భద్రపరచండి, అంతే. వడ్డీ, ఆస్తి పన్ను, బీమా, కాపలా, మరమ్మతులు రోజులతోపాటు పెరిగేవి. మన గొడవంతా వీటితోనే.

2. రోజు లెక్కకు దించండి

అప్పు 10,00,000, వడ్డీ ఏడాదికి 12 శాతం అనుకుందాం. 1,20,000ను 365తో భాగిస్తే రోజుకు సుమారు 329. పన్ను, బీమా, కాపలా వగైరాలు ఏడాదికి 73,000 అయితే రోజుకు 200. మొత్తం 529. ఈ అంకెను ఆస్తి కాగితాలున్న ఫైలు అట్ట మీదే రాసుకోండి. నెలకు ఇంత అనుకుంటే ఎందుకో బద్ధకిస్తాం, రోజుకు ఇంత అనుకుంటే కదులుతాం.

3. అప్పు పత్రాన్ని ఓపికగా చదవండి

బారువడ్డీయా, చక్రవడ్డీయా? చక్రవడ్డీ అయితే వడ్డీని ఎన్నాళ్లకోసారి అసలులో కలుపుతారు? పైన చెప్పిన అప్పునే మూడేళ్లు ఏమీ చెల్లించకుండా వదిలేస్తే, బారువడ్డీతో 13,60,000 అవుతుంది. ఏడాదికోసారి అసలులో కలిపితే దాదాపు 14,05,000. నెలనెలా కలిపితే సుమారు 14,31,000. రేటు మూడింటికీ అదే 12 శాతం!

మీరు కట్టే డబ్బు ముందు దేనికి జమ అవుతుందో కూడా చూడండి. చాలా ఒప్పందాల్లో ముందు జరిమానాలు, తర్వాత వడ్డీ, ఏమైనా మిగిలితేనే అసలు. అందుకే కొందరు ఏళ్ల తరబడి కడుతున్నా అసలు ఉన్నచోటే ఉంటుంది.

4. వడ్డీని అసలులో కలవనివ్వకండి

కొన్నాళ్లపాటు వాయిదాలు కట్టనక్కర్లేదని చెప్పే మారటోరియం తీయగానే ఉంటుంది. ఆ కాలంలోనూ వడ్డీ ఆగదు, చాలాసార్లు అది అసలులో కలిసిపోయి తనూ వడ్డీని పుట్టిస్తుంది. అసలు కట్టలేకపోయినా నెలనెలా వడ్డీ మటుకు కట్టేయండి. నిర్మాణం కోసం తీసుకున్న అప్పయితే పని సాగేకొద్దీ విడతలుగా తీసుకోండి. తీసుకున్న మొత్తానికే వడ్డీ పడే ఒప్పందమైతే ఇది బాగా కలిసివస్తుంది.

5. విడిగా కొంత సొమ్ము ఉంచండి

నేనైతే ఆరు నెలల ఖర్చు వేరే ఖాతాలో లేనిదే ఆస్తి జోలికి వెళ్లను. రోజుకు 529 చొప్పున అది దాదాపు 95,000.

6. బేరం వచ్చినప్పుడు ఆ అంకెను తీయండి

కొనేవారు మీరు చెప్పిన ధరకు 20,000 తక్కువ ఇస్తామన్నారు. 20,000ను 529తో భాగిస్తే 38 రోజులు. పూర్తి ధర ఇచ్చేవారు అంతకన్నా ముందే వస్తారన్న నమ్మకం లేకపోతే ఒప్పుకోవడమే మేలు.

ఇక్కడ చాలామంది మరిచేది సొంత డబ్బు. అప్పుతోపాటు మీరు మరో 10,00,000 పెట్టారనుకోండి. అది 6 శాతం వచ్చే డిపాజిట్లో ఉంటే రోజుకు 164 తెచ్చేది. అదీ కలిపితే రోజు ఖర్చు 693, మీ గడువు 29 రోజులే. వడ్డీ రేటు మారినప్పుడల్లా ఫైలు అట్ట మీది అంకెను కొట్టేసి కొత్తది రాయండి.