కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో సీసం, పాదరసం ఎక్కడెక్కడ చూసుకోవాలి

చిత్తూరు వైపు తమిళనాడు పక్కనే కాబట్టి కొన్ని ఇళ్లలో చారు ఇప్పటికీ ఈయం (తగరం) చెంబులోనే పెడతారు, ఆ రుచి నాకూ తెలుసు. కానీ ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే మొదట అటక ఎక్కించాల్సింది ఆ చెంబునే. అసలు తగరంతో చేసిందైతే ఫర్వాలేదు, సీసం కలిసిందో లేదో మాత్రం కంటితో చూసి చెప్పలేం, చింతపండు పులుపు పొయ్యి మీద మరిగితే ఆ సీసం చారులోకి దిగుతుంది. స్టీలు గిన్నె చాలు. కళాయి పూసిన ఇత్తడి గిన్నెలకూ ఇదే మాట.

కడుపులో బిడ్డకు తల్లి నుంచి పోషణ అందించే మాయ (ప్లాసెంటా) సీసాన్ని అడ్డుకోలేదు. తల్లి రక్తంలో ఉన్నది బిడ్డకు చేరుతుంది, మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది, బిడ్డ బరువు తక్కువగా పుట్టొచ్చు, నెలలు నిండకుండానే కాన్పు కావొచ్చు. ఇంతవరకు ఫర్వాలేదనే లెక్కే లేదు. పైగా ఎప్పుడో ఒంట్లో చేరిన సీసం ఏళ్ల తరబడి ఎముకల్లో ఉండిపోయి, బిడ్డ కోసం తల్లి ఎముకల్లోంచి కాల్షియం కరిగేటప్పుడు దాంతోపాటే రక్తంలోకి వస్తుంది. అందుకే ఆసుపత్రిలో ఇచ్చే కాల్షియం, ఐరన్ మాత్రలు మానకండి, రెండూ ఒకేసారి కాకుండా వేరువేరు పూటల వేసుకోండి.

పసుపు కొమ్ములు మరీ మెరిసిపోతుంటే కొనకండి, రంగు కోసం లెడ్ క్రోమేట్ పూసే మోసం ఉంది. కళ్లకు పెట్టుకునే సుర్మా వద్దు, అందులోనూ సీసం ఉండొచ్చు. భస్మం, సిందూరం అని పేరున్న మందులు ఎవరిచ్చినా డాక్టరుకు చూపించకుండా వేసుకోవద్దు, నాగభస్మం అంటే సీసమే, రససిందూరంలో ఉండేది పాదరసం. మట్టి, బలపాలు తినాలనిపిస్తే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, అది రక్తం తక్కువైందనడానికి గుర్తు కావొచ్చు.

చేపలు మానక్కర్లేదు. సొర లాంటి పెద్దవి వదిలేసి నెత్తళ్లు, కవళ్లు తినండి, చిన్న చేపల్లో పాదరసం తక్కువ.

సీమంతానికని పాత గోడలు గీకించి రంగులు వేయిస్తుంటే కడుపుతో ఉన్న అమ్మాయిని ఆ కొన్నాళ్లు వేరే ఇంట్లో ఉంచండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) హద్దు 2017లోనే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన రంగుల దుమ్ముతో భయం ఎక్కువ. ఆమె భర్త సీసం ఉండే బ్యాటరీల పని చేస్తుంటే ఇంట్లోకి రాగానే స్నానం చేయాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి, ఇల్లు ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవాలి.

ఇవేవైనా మీ ఇంట్లో ఉంటే టెన్షన్ పడుతూ కూర్చోకుండా రక్తంలో సీసం పరీక్ష గురించి డాక్టరును అడగండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన వస్తే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.