మిద్దె మీద ఇటుక మడి: ఎక్కడ తేడా వస్తుంది, ఏం చేయాలి

మడిలో మొక్క నీరసంగా కనిపించగానే చేయి ఎరువు సంచి మీదికి పోతుంది. కాస్త ఆగండి. మిద్దె మీది మడుల్లో తేడా ఎక్కువగా నీళ్ళ దగ్గరే వస్తుంది. నీరు ఎటు పోతోందో చూశాకే మిగతావి.

కింది గది సీలింగుకు చెమ్మ పట్టింది

అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది ఇదే. మొక్క పోతే మళ్ళీ పెట్టుకోవచ్చు, స్లాబులో ఇనుము తుప్పు పడితే ఇల్లే దెబ్బతింటుంది. మడిని నేరుగా స్లాబు మీద కట్టి ఉంటారు. అడుగున చేరిన నీరు ఆరే వీలు లేక సన్నని పగుళ్ళలోంచి దిగుతోంది. పైపైన సిమెంటు పాలు పోస్తే ఆగదు. మట్టంతా తీసి, స్లాబు బాగా ఆరాక వాటర్ ప్రూఫింగ్ చేయించండి. తర్వాత ఇటుక దిమ్మెల మీద నాపరాళ్ళు పరిచి, వాటిపై మడి కట్టండి. కింద చీపురు దూరేలా ఆరంగుళాలైనా ఖాళీ ఉండాలి. పిట్టగోడకు ఆనించకండి.

మళ్ళీ కట్టేముందు బరువు లెక్క వేసుకోండి. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అడుగు లోతున్న మడిలో సుమారు 340 లీటర్ల మట్టి పడుతుంది. తడిస్తే అది అర టన్ను దాకా తూగుతుంది. మనుషులు తిరిగే డాబాకు ఐఎస్ 875 (కట్టడాల బరువులకు సంబంధించిన భారతీయ ప్రమాణం) లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలే. ఈ మడి పరుచుకునేది చదరపు మీటరు కంటే కొంచెం ఎక్కువ, అంతే. అందుకే గది నడిమధ్యలో వద్దు, కింద బీమో గోడో ఉన్నచోటే పెట్టండి. ఎన్ని మడులు ఆగుతాయో ఇంజనీరును అడగండి. పాత ఇల్లయితే ఇది తప్పనిసరి.

నీళ్ళు పైనే నిలుస్తున్నాయి, ఆకులు పసుపు తిరిగాయి

అడుగు రంధ్రాలు పూడిపోయి ఉండాలి, లేదా మట్టి జిగటది అయి ఉండాలి. ఇనుప చువ్వతో రంధ్రాలు పొడిచి చూడండి. నీరు కారకపోతే మట్టి మార్చాల్సిందే. ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపి గుల్లగా చేయండి. అడుగున మందంగా కంకర పోస్తే నీరు త్వరగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. దిగదు. కంకర పైన మట్టి పూర్తిగా నానేదాకా నీరు అక్కడే ఆగుతుంది, పైగా బరువు దండగ. రంధ్రాల మీద పెంకు ముక్కలు, కొబ్బరి పీచు చాలు.

పోసిన నీరు వెంటనే కారిపోతోంది, వేరు దగ్గర మట్టి పొడిగా ఉంది

ఎండకు మట్టి బిగుసుకుని ఇటుకల నుంచి విడిపోయింది. నీరు ఆ సందులోంచే పోతోంది. అంచులు గుల్ల చేసి సందు పూడ్చండి. కొద్దికొద్దిగా, ఆగి ఆగి పోయండి. ఎండుటాకులు మందంగా పరవండి.

మట్టి తడిగానే ఉంది, సాయంత్రమైనా మొక్క తేరుకోవడం లేదు

మధ్యాహ్నం వాడి సాయంత్రానికి లేస్తే టెన్షన్ అక్కర్లేదు. లేవకపోతే ఒక మొక్క పీకి వేళ్ళు చూడండి. టమాటా, వంగ, బెండ వేళ్ళకు బుడిపెలుంటే అవి నులిపురుగులవి, అంటే వేళ్ళలో చేరే కంటికి కనపడని సన్న పురుగులవి. చిక్కుడు, అలసంద వేళ్ళకు గుండ్రని బుడిపెలు మామూలే. వేలితో రుద్దితే ఊడి వచ్చేవి మేలు చేసేవి. వేరు తానే ఉబ్బి గట్టిగా ఉంటే నులిపురుగు.

అలాంటి మొక్కల్ని వేళ్ళతో సహా తీసేయండి, కంపోస్టులో వేయొద్దు. ఏప్రిల్, మే నెలల్లో మడిని తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు బిగుతుగా కప్పి 4 నుంచి 6 వారాలు వదిలేయండి. తర్వాత వేపపిండి కలిపి, ఓ పంటకాలం మడి నిండా బంతి మొక్కలు వేయండి.

మట్టిలో తెల్లగా, వంకర తిరిగిన లావుపాటి పురుగులు కనిపిస్తే మాగని ఎరువుతో వచ్చి ఉంటాయి. చేత్తో ఏరేయడమే మంచి పని.

చిన్నవి కొన్ని

ఆకు అంచులు మాడితే కోకోపీట్‌లో ఉప్పు ఉందేమో చూడండి. వాడేముందు రెండు మూడుసార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండేయాలి. మట్టి మీద తెల్లపొర కట్టడం సాధారణంగా బోరు నీళ్ళ వల్ల. వానలు పడితే ఉప్పు కిందికి దిగిపోతుంది. మట్టి మట్టం తగ్గడం సహజం, ఎరువు కుళ్ళే కొద్దీ కుంగుతుంది. పంట మారినప్పుడల్లా పైన కంపోస్టు వేసుకోండి.