ప్రోగ్రామింగ్ రెఫరెన్స్ పుస్తకం కొనే ముందు

అనంతపురంలో సీనియర్ల దగ్గర పాత పుస్తకం చవగ్గా దొరుకుతోందా? డబ్బులిచ్చే ముందు ఇవి చూసుకోండి.

- ఏ వెర్షన్‌కు రాసింది? ఉదాహరణకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషనే తీసుకోండి: పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తోనే ఆగిపోయింది. ప్రింట్ (print) అన్న ఆదేశం పక్కన బ్రాకెట్లు లేకుండా ఉదాహరణలుంటే అది పాతదే. పైథాన్ 3లో ఆ లైను సింటాక్స్ ఎర్రర్, అంటే రాసిన తీరే తప్పన్న సందేశం ఇస్తుంది. ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

- వెనక ఇండెక్స్‌లో, నిన్న మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఫంక్షన్ వెతకండి. దొరక్కపోతే పుస్తకం ఎంత లావుంటే ఏం లాభం? దొరికితే ఆ పేజీ తీయండి. అది ఏం తీసుకుంటుంది, ఏం తిరిగిస్తుంది, ఎప్పుడు ఎర్రర్ ఇస్తుంది అన్న మూడూ ఉండాలి. మూడోదాన్ని ఎగ్గొట్టే పుస్తకాలే ఎక్కువ, అర్ధరాత్రి మనకు కావాల్సిందేమో అదే.

- ఉదాహరణలు పొట్టిగా, టైపు చేయగానే నడిచేలా ఉండాలి.

- చివరి పేజీలు చిరగలేదు కదా?