పాత బండి బోల్టులు పారేయొద్దు, ఇలా క్లీన్ చేసుకోండి
మా బరంపురంలో గోపాలపూర్ ఉప్పుగాలికి పాత రాజ్‌దూత్ బైక్ బోల్టులన్నీ తుప్పే, అయినా ఒరిజినల్ బోల్టు ఒరిజినలే కదా. విప్పేటప్పుడే ఏది ఎక్కడిదో అట్టముక్కకి గుచ్చి రాసుకోండి, ఇది అస్సలు మర్చిపోవద్దు. కిరసనాయిల్లో నానబెట్టి జిడ్డు వదిలించి, సబ్బునీళ్లతో కడిగి, తెల్ల వెనిగర్‌లో రాత్రంతా ఉంచి పొద్దున్నే వైర్ బ్రష్‌తో రుద్దితే తుప్పంతా నల్లగా ఊడొచ్చేస్తాది, వెంటనే వంటసోడా నీళ్లలో ముంచి కడిగి బాగా ఆరబెట్టి ఆయిల్ రాసేయాలి, లేటు చేస్తే మళ్లీ ఎర్రబడిపోతాయి.

తల మీద 10.9, 12.9 అని ఉన్నవి (బాగా గట్టి స్టీలు బోల్టులని ఆ నంబర్ల అర్థం) మాత్రం వెనిగర్‌లోగానీ యాసిడ్‌లోగానీ వేయకండి, హైడ్రోజన్ లోపలికి దూరి స్టీలు పెళుసైపోద్ది, బిగించాక విరిగిపోవచ్చు. వాటికి వైర్ బ్రష్ చాలు. మిగతావాటికి జింక్ ప్లేటింగ్ (పైన జింకు పూత) చేయిస్తే వానాకాలం కూడా తట్టుకుంటాయి. థ్రెడ్లు అరిగినవి, బ్రేకువి, యాక్సిల్‌వి అయితే కొత్తవే వేయండి.