విదేశాలకు బట్టలు కొనిపెట్టడం, 4వ పాఠం: పెట్టెలో గాలికి డబ్బు కట్టకండి

పోయిన పాఠంలో ఇంటిపని ఇచ్చాను గుర్తుందా? బీరువాలోంచి ఐదు చీరలు తీసి, ఒక్కోదాన్నీ కాటా మీద పెట్టి తూకం రాసుకోమన్నాను. చేసినవాళ్లకి ఈపాటికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. బండారులంక నూలు చీర అరకిలోకి అటూ ఇటూ ఉంటే, జరీ బాగా పట్టిన పెళ్లి పట్టుచీర కిలో దగ్గరికి పోతుంది. ఆ కాగితం పక్కన పెట్టుకోండి, ఈరోజు దానితో పని ఉంది.

కొత్తగా చేరినవాళ్లకి ఒక్క మాట. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్నవాళ్లు ఫోన్‌లో చూసి ఎంచుకున్న చీరలు, లంగా ఓణీలు మనం ఇక్కడ పాలకొల్లు, భీమవరం, రాజమండ్రి షాపుల్లో కొని పెట్టె కట్టి పంపుతున్నాం. షాపులో బేరం ఆడటం రెండో పాఠంలోనే అయిపోయింది. అయితే చీర దగ్గర మిగిల్చిన రెండొందలకి పదింతలు కొరియర్ దగ్గర పోగొట్టుకోవడం మన లైన్‌లో చాలా మామూలు. నేనూ పోగొట్టుకున్నాను.

నా మొదటి పెద్ద పెట్టెలో ఓణీల ఫంక్షన్‌కి ఒక లంగా సెట్టు, కింద క్యాన్‌క్యాన్ (లంగా ఉబ్బుగా నిలబడటానికి లోపల వేసే గట్టి నెట్టు) కుట్టించినది, దానితో పాటు రెండు చీరలు. ఇంట్లో తూస్తే 3.2 కిలోలు. మూడున్నర కిలోల డబ్బు చెప్పి కస్టమర్ దగ్గర ముందే తీసేసుకున్నాను కూడా. కొరియర్ షాపులో కుర్రాడు కాటా వైపు చూడనేలేదు. టేపు తీసి పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి "ఎనిమిది కిలోలండి" అన్నాడు. కాటా చూడవేం బాబూ అంటే, "ఆయ్, కాటాది ఏం లేదండి, పెట్టే పెద్దదండి" అన్నాడు. అరగంట గొడవపడ్డాను. తీరా చూస్తే వాడిదే రైటు.

మన ఊళ్లో వరిగడ్డి ట్రాక్టర్ చూడండి. ట్రక్కు నిండిపోతుంది, రోడ్డు మీద పక్క బండికి దారి కూడా ఉండదు, బరువు మాత్రం అంతంతే. అదే ట్రక్కులో ధాన్యం బస్తాలైతే సగం నిండేసరికే టైర్లు కుంగుతాయి. గడ్డి తోలేవాడు బరువు చూసి కిరాయి అడిగితే వాడికి డీజిల్ డబ్బులు కూడా రావు. విమానం సంగతీ అంతే. మన పెట్టె ఎంత చోటు తింటుందో దానికీ లెక్క కడతారు. దీన్ని కొరియర్ వాళ్లు వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. మనం చోటు బరువు అనుకుందాం.

లెక్క చాలా తేలిక. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి 5000తో భాగించండి. పెద్ద ఎక్స్‌ప్రెస్ కంపెనీలు డీహెచ్‌ఎల్, ఫెడెక్స్ వాడే అంకె ఇదే. వచ్చినదాన్నీ కాటా బరువునీ పక్కపక్కన పెట్టి చూస్తారు, ఏది ఎక్కువైతే దానికి డబ్బు. నా పెట్టె 45 × 35 × 25. గుణిస్తే 39,375, భాగిస్తే 7.875. కొరియర్ వాళ్లు దాన్ని పై అరకిలోకి సవరిస్తారు, అంటే 8. బట్టలు 3.2 కిలోలు, మిగతా దాదాపు ఐదు కిలోలూ నేను డబ్బు కట్టిన గాలి.

ఇప్పుడు ఆ పెట్టె పొడవు, వెడల్పు అలాగే ఉంచి ఎత్తు ఒక్కటి మార్చి చూడండి. 45ని 35తో గుణిస్తే 1,575. అంటే ఒక్క సెంటీమీటరు ఎత్తు తగ్గితే 315 గ్రాములు తగ్గినట్టు. ఎత్తు 25 నుంచి 11కి దించితే చోటు బరువు 3.465, అంటే మూడున్నరలో పడుతుంది. ఎనిమిది కిలోలు ఎక్కడ, మూడున్నర ఎక్కడ! ఈ పాఠంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఈ లెక్క ఒకటికి రెండుసార్లు చేతితో వేసి చూడండి.

పదకొండు సెంటీమీటర్లలో క్యాన్‌క్యాన్ లంగా ఎలా పడుతుందంటారా? పట్టదు. అందుకే ఆ పని పెట్టె దగ్గర మొదలవ్వదు, టైలర్ దగ్గరే మొదలవ్వాలి. క్యాన్‌క్యాన్‌ని లంగాకి కలిపి కుట్టొద్దు, విడిగా పెట్టీకోటులా కుట్టమని చెప్పండి. విడిగా ఉన్న నెట్టుని చాపలా గట్టిగా చుట్టి నాడాతో కట్టేస్తే అది ఒక మూలకి వెళ్లిపోతుంది. కలిపి కుట్టినదాన్ని మీరు ఎంత నొక్కినా టేపు వేసేలోపు మళ్లీ లేస్తుంది. అక్కడ అమ్మాయి దగ్గర పెట్టీకోటు ముందే ఉందేమో కూడా అడగండి, ఉంటే అసలు పంపక్కర్లేదు.

పట్టుచీరకి షాపువాళ్లు ఇచ్చే గట్టి అట్టపెట్టె మోజు వదులుకోండి. కస్టమర్‌కి అందంగా కనపడాలని మనకి ఉంటుంది, నాకూ ఉండేది. కానీ ఆ అట్ట చీర చుట్టూ గాలి మోస్తుంది. ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టండి, జరీకి కూడా అదే మంచిది. గుండుసూదులన్నీ తీసేయండి. మన డెల్టా తేమకి అవి తుప్పు పట్టి చీర మీద మచ్చ వదులుతాయి.

గాలి లాగేసే వ్యాక్యూమ్ కవర్ల గురించి చాలామంది అడుగుతున్నారు. పిల్లల గౌన్లు, కుర్తాలు, దూది పెట్టిన జాకెట్లయితే బ్రహ్మాండం. జరీ చీరనీ, మగ్గం వర్క్ జాకెట్టునీ మాత్రం వాటిలో పెట్టొద్దు. జరీ మడతల దగ్గర విరుగుతుంది, పూసలు ఒకదాన్నొకటి గీరుకుంటాయి. పైగా చీరలకి ఆ కవరుతో లాభమూ లేదు. మడిచిన పట్టుచీర ఒకటి 30 × 25 × 3 అనుకోండి, చోటు బరువు 450 గ్రాములే. మీరు తూకం రాసుకున్న కాగితం చూడండి, కాటా బరువు అంతకంటే ఎక్కువ. చీరల పెట్టె ధాన్యం బస్తా లాంటిది, లంగాల పెట్టె గడ్డి మోపు.

మంచి ఆదా ఇక్కడే ఉంది. ఒకే ఇంటికి వెళ్లాల్సిన గడ్డినీ ధాన్యాన్నీ ఒకే పెట్టెలో కలపండి. లంగాల పెట్టె కాటా మీద 2.5, చోటు లెక్కలో 6 అనుకుందాం. చీరల పెట్టె కాటా మీద 6, చోటు లెక్కలో 3.5. విడివిడిగా పంపితే ఆరూ ఆరూ పన్నెండు. కలిపితే కాటా 8.5, చోటు 9.5, కాబట్టి తొమ్మిదిన్నరకి కడతారు. రెండున్నర కిలోలు అక్కడికక్కడే మిగిలాయి. మొదటి అరకిలోకి వేసే ఎక్కువ రేటు కూడా ఒక్కసారే పడుతుంది.

అలా అని కలపడం కోసం నెల్లాళ్లు ఆపొద్దు. టైలర్ జాకెట్టు ఇవ్వలేదని ఆపిన పెట్టె వరలక్ష్మీ వ్రతం అయ్యాక చేరితే, మీరు మిగిల్చిన డబ్బు ఎవరికీ గుర్తుండదు.

చీరల మధ్య ఆవకాయ సీసా పెట్టమని అడుగుతారు. పెట్టకండి. ఎంత మూత బిగించినా నూనె దారి వెతుక్కుంటుంది, నాకు ఒక ఉప్పాడ చీర పోయింది. తినే వస్తువులకి రూల్సూ వేరు, పెట్టే వేరుగా ఉండాలి.

చివరి తూకం టేపు వేశాకే. పెట్టె పొట్ట ఉబ్బితే ఉబ్బిన చోటే కొలుస్తారు, రెండు సెంటీమీటర్లు ఉబ్బితే మన 45 × 35 పెట్టెకి చోటు బరువు 630 గ్రాములు పెరిగినట్టు. 3.54 వచ్చిందంటే నాలుగు కిలోలే, అప్పుడు ఏదో ఒక చిన్న సామాను బయటికి తీయాల్సిందే. మీ కాటాకీ షాపు కాటాకీ తేడా ఉంటుంది కాబట్టి వంద గ్రాములు వదులుగా ఉంచుకోండి. వానాకాలంలో అట్టపెట్టె తేమ పీల్చి తనే బరువెక్కుతుంది. గోడవారన నేల మీద పెట్టకుండా మంచం మీదో బల్ల మీదో ఉంచండి. మెత్తటి బట్టలు రెండు మూడే అయితే అట్టపెట్టె మానేసి కొరియర్ కవరులో పంపినా చాలు.

సుంకాల సంగతి వచ్చే పాఠంలో వివరంగా. ఇప్పటికి రెండే ముక్కలు. అమెరికాలో 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది, కాబట్టి సుంకం ఎవరు కడతారో కస్టమర్‌తో ముందే మాట్లాడుకోండి. బ్రిటన్‌లో సరుకు విలువ 135 పౌండ్లు దాటితే, సుంకం లెక్కలో రవాణా ఖర్చు కూడా కలుపుతారు. అక్కడికి పంపేటప్పుడు పెట్టె తగ్గితే కొరియర్ డబ్బూ తగ్గుతుంది, దాని మీద సుంకమూ తగ్గుతుంది. విలువ తగ్గించి రాయమని ఎవరైనా అడిగితే మాత్రం కుదరదనండి. పట్టుబడితే సరుకు ఆగేది కస్టమర్‌ది, పేరు పోయేది మీది.

ఇంటిపని: పెట్టె 40 × 30 × 24, కాటా మీద 4.3 కిలోలు. ఇప్పుడు ఎన్ని కిలోలకి కట్టాలి? నాలుగున్నర కిలోలకే కట్టాలంటే ఎత్తు ఎన్ని సెంటీమీటర్లకి దించాలి? జవాబు ఐదో పాఠం మొదట్లో చెప్తాను. ముందు పెన్సిలుతో మీరే వేయండి.