నీళ్లు తేటగా ఉన్నాయని చేపల్ని వేసేయకండి

కొత్త అక్వేరియం నింపిన రోజే చేపల్ని వేయకండి, దయచేసి. నీళ్లు అద్దంలా మెరుస్తూనే ఉంటాయి. కానీ చేపలు మొప్పల నుంచి వదిలే అమ్మోనియా, మిగిలిన మేత కుళ్లితే పుట్టే అమ్మోనియా కంటికి కనబడవు, చేపలకు మాత్రం విషమే. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఫిల్టర్ ఆపకుండా నడిపి, రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి, అది కుళ్లి పుట్టే అమ్మోనియానే ఆ బ్యాక్టీరియాకు తిండి. నీళ్లను పరీక్షించే టెస్ట్ కిట్‌లో ముందు అమ్మోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి, చివరికి రెండూ 0కి దిగాకే చేపలు. అవీ ఒకటి రెండుతో మొదలుపెట్టాలి.

ఇప్పటికే వేసేశారా? చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తూ గాలికి తన్నుకుంటుంటే, మొప్పలు ఎర్రగా కందితే ఆలస్యం చేయొద్దు. నీళ్లలో పావు వంతు వెంటనే మార్చండి, మేత బాగా తగ్గించండి.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఒక రోజు నిలవ ఉంచితే చాలావరకు పోతుంది, క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) ఉంటే అది మాత్రం పోదు. అందుకే డీక్లోరినేటర్ (వీటిని పోగొట్టే మందు) కలపడమే మంచిది.

స్పాంజిని కుళాయి కింద అస్సలు కడగకండి, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లనే బకెట్లో పోసి, అందులో రెండుసార్లు పిండితే చాలు. కాస్త గోధుమరంగు మిగిలినా ఫర్వాలేదు.